అనిత గీసిన తొమ్మిదో అంతస్తు

నా భార్యకు మిగిలిన కొద్ది రోజుల్లో పదకొండు రోజులు భానుచందర్ పాడుచేశాడు. ఇందులో వాదనకు తావు లేదు. వాడు ఆ గైడు ప్రింటు తీయకపోతే అది నా షాపుకు వచ్చేది కాదు. నా షాపుకు రాకపోతే నేను చూసేవాణ్ణి కాదు. వాడు మంచివాడని మా సందంతా అంటుంది. అననీ.

అది రెండువేల ఒకటో సంవత్సరం ఎండాకాలం. అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందులో, మొదటి అంతస్తులో నాకు జిరాక్స్ షాపు ఉండేది. రెండు మెషిన్లు, స్పైరల్ బైండింగు సామాను, ఒక కౌంటరు. నాది ఊరి బడి చదువు, ఏడో తరగతి. ఇంగ్లీషు అక్షరాలు తెలుసు, మాటలు తెలియవు. ఆ చదువుతోనే వేలమంది సాఫ్ట్‌వేర్ పిల్లలకు నోట్సు తీసి ఇచ్చాను. అమీర్‌పేటలో దేనికైనా గైడు ఉంటుంది. జావాకు గైడు, ఇంటర్వ్యూకు గైడు, వీసా అడిగేచోట ఏం మాట్లాడాలో దానికొక గైడు. గైడుతో సరిపోనివాళ్ళు కూడా వచ్చేవారు. మార్కుల మెమోలో సంవత్సరం మార్చమనేవారు, చేయని ఉద్యోగం చేసినట్టు కాగితం తీయమనేవారు. వాళ్ళు మెట్లు దిగేదాకా తిట్టేవాణ్ణి. అంబదాస్ ఒక్క గీత కూడా మార్చడని నాకు పేరు. ఆ పేరు నాకు ఇష్టం.

పక్క షాపు భానుచందర్‌ది, ఇంటర్నెట్ సెంటరు. నన్ను అన్నా అనేవాడు, అనితను వదినా అనేవాడు.

మా ఇల్లు పంజగుట్టలో, మార్కెట్టు వెనక. మాకు పిల్లలు లేరు. ముందుగదిని మంజూష అనే తెనాలి అమ్మాయికి అద్దెకిచ్చాం. కోర్సు ముగించి ఉద్యోగం కోసం చూస్తోంది. ఆ ఏడు అమెరికాలో ఏవో కంపెనీలు కూలాయని ఇక్కడ ఇంటర్వ్యూలు ఆగిపోయాయి. ఆ పిల్ల జూన్ ఆఖరుదాకా చూస్తానని, కాకపోతే సామాను సర్దుకుని తెనాలి వెళ్ళిపోతానని చెప్పింది. అందాకా కాలక్షేపానికి తన కంప్యూటర్ మీద ఒక ఆట ఆడేది.

అనితకు మూత్రపిండాలు పాడై అప్పటికి రెండేళ్ళు. మంగళవారం, శుక్రవారం పదకొండు గంటలకు డయాలసిస్. ఏప్రిల్లో డాక్టరు ఒక మాట చెప్పాడు. రక్తంలో విషం పెరిగితే తల మీద పని చేయవచ్చు, మతిమరుపు రావచ్చు, గమనిస్తూ ఉండమన్నాడు. నాతో చెప్పాల్సింది ఆమె ముందే చెప్పాడు. ఆ వారమే ఆమె పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోయింది. ఎవరైనా మరిచిపోతారు. ఆమె మాత్రం ఆ మాడిన గిన్నెను తోమకుండా రెండు రోజులు కిటికీలో పెట్టుకుని చూసింది.

మంజూష ఆడే ఆటకు ఏదో ఇంగ్లీషు పేరు ఉంది. మేం కోట ఆట అనేవాళ్ళం. నలుగురు మనుషులను మనమే తయారుచేసుకుని, పేర్లు పెట్టి, నేల కింద ఉన్న తొమ్మిది అంతస్తుల కోటలోకి దింపాలి. దారిలో దయ్యాలు, తోడేళ్ళు వస్తాయి. కొట్లాడిన కొద్దీ మన మనుషులకు బలం పెరుగుతుంది. అన్నిటికంటే కష్టం దారి. ఎదురుగా ఉన్న గోడ తప్ప తెర మీద ఏమీ కనపడదు. ఎక్కడి నుంచి వచ్చామో, ఎటు తిరిగామో మనమే గుర్తుపెట్టుకోవాలి. మంజూష మూడో అంతస్తులో చిక్కుకుని వారం రోజులు తిరిగింది. ఒకనాడు వెనక నిలబడి చూస్తున్న అనిత, ఎడమకు ఒక్కసారి కూడా తిరగలేదు గదా అంది. అక్కడే మెట్లు ఉన్నాయి.

మరునాటి నుంచి కుర్చీ అనితదయింది. ఒకరు నడిచిన దారిలో నడవనని చెప్పి, కొత్త మనుషులతో మొదటి నుంచి మొదలుపెట్టింది. కత్తి పట్టే మనిషికి రుద్రమ్మ అని పెట్టించింది. గాయాలు మాన్పే ఆమె దేవవ్వ, అది వాళ్ళ నాయనమ్మ పేరు. తాళాలు తీసే దొంగ సాయిలు, చిన్నప్పుడు వాళ్ళింటి జామకాయలు ఎత్తుకుపోయినవాడట. నాలుగోవాడు సంచి మోసేవాడు. వాడికి నా పేరు పెట్టించింది.

"అంకుల్ పేరెందుకు ఆంటీ?" అని మంజూష అడిగింది.

"వాడు కొట్లాడడు. సామాను మోస్తడు, సణుగుతడు."

నేను పక్కగదిలో అన్నం తింటున్నాను. వినపడాలనే అంది.

ఆమె పుట్టింది గద్వాల దగ్గర, అంచు చీరలు నేసే ఇంట్లో. మాది సిరిసిల్ల. మా నాయన పవర్‌లూమ్ మీద తెల్లగుడ్డ తప్ప ఇంకేమీ నేయలేదు. మా ఇంట్లో డిజైను అనే మాటే లేదు. వాళ్ళింట్లో పిల్లలు పలకకంటే ముందు గ్రాఫు కాగితం పట్టేవారు. నా షాపు నుంచి ఆ కాగితాలు తెప్పించుకుని, అడుగుకు ఒక గడి లెక్కన కోటను గీయడం మొదలుపెట్టింది. గోడకు నల్ల గీత, తలుపుకు అడ్డంగా రెండు గీతలు. కోటలో అడుగుపెట్టే మొదటి గడిలో కుంకుమతో చిన్న బొట్టు. ఆ బొట్టు ఎప్పుడూ కాగితం అడుగు వరుసలోనే ఉండేది. కింద నుంచి ఎందుకు మొదలుపెడతావని ఒకసారి అడిగాను. చీర కిందికెళ్ళే గదా పెరిగేది, మా నాయన సుత గట్లనే గీస్తుండె, అంది. విన్నాను.

ఈ ఆటకు కూడా గైడు ఉంటుందని, భానుచందర్ సెంటర్లో తీసుకొస్తానని మంజూష అంది. ఎక్కడ ఏ తలుపు ఉందో, ఏ దయ్యాన్ని ఎట్లా కొట్టాలో అన్నీ రాసి ఉంటాయట. అనిత వద్దంది. ఎవడో తిరిగిన కోట నాకెందుకు, వాని సంబురం వాడు పడ్డడు, నా వంతు నాకుండొద్దా అని అడిగింది. ఆ పిల్ల లోపలికి వెళ్ళాక నాతో మెల్లగా ఇంకో మాట చెప్పింది.

"ఎవలు చెప్పకుంట ఈ కోట దాటితే నా తల మంచిగున్నట్టు. దాటకపోతే డాక్టరు చెప్పింది నిజమైనట్టు. ఎవలనో అడుగుడెందుకు, నేనే చూసుకుంట."

ఆ మే నెల మా ఇంట్లో పండుగలా ఉండేది. ఈ మాట రాయడానికి నాకు సిగ్గు లేదు. డయాలసిస్ మంచం మీద ఒక చెయ్యి మెషిన్‌కు ఇచ్చి, రెండో చేతి వేళ్ళను దుప్పటి మీద నడిపించేది. కళ్ళు మూసుకుని కోటలో తిరుగుతోందని నాకు తెలుసు. నర్సులకు తెలియదు. ఇంటికి వచ్చేటప్పుడు ఆటోలో ముందురోజు సంగతులు చెప్పేది. నిన్న నువ్వు చావుదప్పినవు, నీళ్ళల్ల పడ్డవు, దేవవ్వ గుంజింది అనేది. నేను పట్టించుకోనట్టు కూర్చునేవాణ్ణి. మరునాడు షాపుకు వెళ్తూ, నీళ్ళలోంచి బయటపడ్డానా అని అడిగేవాణ్ణి. కరెంటు పోయినప్పుడు ఇద్దరు ఆడవాళ్ళూ ఒకేసారి నిట్టూర్చేవారు. ఎండ తగ్గేసరికి ఎనిమిది అంతస్తులు అయిపోయాయి. ఎనిమిది కాగితాలు గోడకు వరుసగా అంటించింది. చూసినవాళ్ళు ఎవరైనా చీరల డిజైన్లనే అనుకునేవారు.

జూన్ రెండో వారానికి ఆమె కళ్ళు మసకబారాయి. సగం పైగా గీసిన తొమ్మిదో అంతస్తు కాగితం నా చేతికిచ్చి, పెద్దది చేసి తెమ్మంది.

అదే రోజు భానుచందర్ ఒక కట్ట పట్టుకుని వచ్చాడు. ఇంటర్నెట్‌లో ఎవరో రాసిపెట్టిన గైడు, ఎనభై పేజీలు. తన సెంటర్లో ఆడే కుర్రాళ్ళు అడుగుతున్నారని, ఇరవై కాపీలు బైండింగు చేసి పెట్టమని చెప్పి వెళ్ళాడు. పైపేజీ మీది అక్షరాలు మంజూష సీడీ మీద ఉన్నవే. లోపల తొమ్మిది పటాలు ఉన్నాయి.

నేను జిరాక్స్ తీసే కాగితం చదవను. అది నా నియమం. ఆ రోజు తొమ్మిదో పటం తీసి కౌంటరు మీద ఆమె కాగితం పక్కన పెట్టాను.

కలవలేదు. గైడులో దారి ఉన్నచోట ఆమె గోడ గీసింది. గోడ ఉన్నచోట తలుపు గీసింది. ఆమె బొట్టు పెట్టిన గడి గైడులో ఎక్కడో ఒక మూల గది. అడుగుపెట్టిన చోటు కూడా మరిచిపోయిందనుకున్నాను. డాక్టరు ఏప్రిల్లో చెప్పాడు, జూన్‌కల్లా వచ్చేసిందనుకున్నాను. షాపులో కుర్చీ ఉంది గానీ నేను కూర్చోలేదు. కూర్చుంటే లేవనేమో అనిపించింది.

ఆమెకు ఆ మాట చెప్పే ధైర్యం నాకు లేదు. గైడు చేతికిచ్చే ధైర్యం అంతకంటే లేదు. కాగితం పెద్దది చేసి, ఆ కాపీ మీద ఐదు గోడలను వైట్‌నర్‌తో చెరిపాను. స్కేలు పెట్టి, గైడులో ఉన్నట్టే ఐదు గోడలు గీశాను. బొట్టును కదిపితే తెలిసిపోతుందని దాన్ని ముట్టుకోలేదు. మళ్ళీ కాపీ తీస్తే చెరిపిన జాడ కూడా కనపడలేదు. షాపు పెట్టిన పన్నెండేళ్ళలో నేను మార్చిన కాగితం అదొక్కటే. పనితనం బాగుంది.

అసలుది మెషిన్‌లో నలిగిపోయిందని ఇంట్లో చెప్పాను. దాన్ని షాపు సొరుగులో పెట్టి తాళం వేశాను.

మరునాడు పొద్దున ఆమె ఆటకు కూర్చుంది. నేను ఇంకా షాపుకు బయలుదేరలేదు. కాసేపటికి మీటల చప్పుడు ఆగింది. కాగితం చూస్తోంది, తెర చూస్తోంది. ఇక్కడ గోడ ఉండాలి, లేదు. ఇంకోచోట దారి ఉండాలి, లేదు. ఒకటైతే పొరపాటు, రెండైతే పొరపాటు. మూడోది వచ్చేసరికి లేచి నిలబడింది.

మంజూష, పోనీలెండి ఆంటీ, సరిచేసుకుందాం, గీసేటప్పుడు ఎక్కడో చెయ్యి తప్పి ఉంటుంది అంది.

"చెయ్యి తప్పుడు కాదు బిడ్డా. నా చేత్తోని గీసిన గీతలు. గీసినట్టు నాకు యాదికే లేదు."

తుండుగుడ్డ తెచ్చి కంప్యూటర్ మీద కప్పింది. పదకొండు రోజులు ఆ గుడ్డ తీయలేదు.

నేను సరైన పటం ఇచ్చినా ఆమె నడవలేకపోయింది గదా, డాక్టరు మాటే నిజమని ఇంకా గట్టిగా నమ్మాను. ఆమె కూడా నమ్మింది. ఇద్దరం ఒకరికొకరు చెప్పుకోకుండా నమ్మాం. వంటింటి డబ్బాలకు చీటీలు అంటించింది. ఉప్పు, చక్కెర, కందిపప్పు. పొయ్యి నేను లేనప్పుడు వెలిగించనంది. బీరువా తాళంచెవులు తెచ్చి నా చేతిలో పెట్టింది. గోడ మీది ఎనిమిది కాగితాలను ఊడదీసి మడిచి పెట్టింది. ఒకనాడు ఒక చిన్న కాగితం మీద మా ఇంటి నంబరు, సందు పేరు, నా షాపు ఫోను నంబరు రాయమంది. రాసి ఇస్తే, దాన్ని పైటకు లోపలివైపు పిన్నుతో పెట్టుకుంది. ఎక్కడన్న తప్పిపోతే ఎవలన్న తెచ్చి దించుతరు, అంది. ఏడవలేదు. డయాలసిస్ మంచం మీద ఆమె వేళ్ళు నడవడం మానేశాయి.

పన్నెండో రోజు సోమవారం. భానుచందర్ ఇరవై కాపీల కోసం వచ్చి కౌంటరుకు అవతల నిలబడ్డాడు. కట్టడానికి పురికొస కోసం సొరుగు తీశాను. అనిత కాగితం పైకి వచ్చింది. వాడి చూపు దాని మీద నిలిచింది.

"అన్నా, ఇది ఎవలు గీసిండ్రు? మస్తు గీసిండ్రు గదా."

మీ వదిన గీసింది, అంతా తప్పుల తడక, పాపం ఆమెకు బాగాలేదు అన్నాను. వాడు ఒక గైడు తెరిచి తొమ్మిదో పటం తీసి, కాగితం పక్కనే పెట్టుకుని వేలితో పోల్చుకుంటూ వెళ్ళాడు. నేను పురికొస తెంపుతున్నాను.

"తప్పెక్కడున్నదే? ఇగో, బొట్టు కాడ షురూ. గైడుల సుత గీడనే షురూ. ఒక్క గోడ సుత తప్పు లేదు."

"కండ్లు పెట్టి చూడు."

"నీ దిక్కుకెళ్ళి చూస్తే తలకిందులు కనవడ్తది అన్నా. నా దిక్కుకు రా."

కౌంటరు తలుపు ఎత్తి అవతలికి వెళ్ళాను. వాడి పక్కన నిలబడ్డాను. అక్కడి నుంచి చూస్తే ఆ కాగితం బొట్టు పైన ఉంది. గైడులో మొదలు పైన ఉంది. గోడకు గోడ, తలుపుకు తలుపు. చీర కిందికెళ్ళి గదా పెరిగేది అని ఆమె నాతో చెప్పింది. నేను విన్నాను, మరిచిపోయాను. మతిమరుపు ఆమెకు వస్తుందని డాక్టరు అన్నాడు.

వాడు ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు. ఆఖరికి ఒక పిడి ఉంటుందని, నలుగురిలో ఒకరిని అక్కడే వదిలిపోవాలని, సంచి మోసేవాణ్ణి వదలమని గైడులో ఉందని, వదినకు చెప్పమని. నేను షట్టరు దించాను. పట్టపగలు నా షాపు షట్టరు దిగడం సందులో వాళ్ళు అదే మొదటిసారి చూశారు.

ఇంటికి వెళ్ళి, ఈసారి ఏమీ మార్చకుండా పెద్దది చేసిన కాపీ ఆమెకిచ్చాను. మొన్నటిదాంట్లో మెషిన్ తప్పు వచ్చిందన్నాను. ఆమె పాత కాపీ తెచ్చింది. రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టి, కిటికీ అద్దానికి ఆనించి, వెలుతురులో చూసింది. మార్చిన ప్రతిచోటా వేలు ఆగింది.

"మెషిన్ ఉన్న గీతలు పోగొడ్తది. లేని గీతలు గీస్తదా?"

నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను.

"గైడు చూసినవా?"

"చూసిన. నీది తప్పనుకున్న."

"తలకిందులు వెట్టి చూసినవు."

"ఊఁ."

రెండు కాగితాలూ కిందికి దించింది. అయితే నా తలకు ఏం కాలే అని తనలో తాను అనుకున్నట్టు అంది. పైట లోపల పెట్టుకున్న చీటీ పిన్ను తీసింది. దగ్గరకొచ్చి దాన్ని నా చొక్కా జేబుకు గుచ్చింది.

"నువ్వే ఉంచుకో. నువ్వు తప్పిపోతవు."

నవ్వింది. ఆ నవ్వుకు నేను తగను. తుండుగుడ్డ లాగేసి, కుర్చీ జరుపు అంది.

నాలుగు రోజులే మిగిలాయి. మంజూషకు శుక్రవారం మధ్యాహ్నం రైలు. నేను రోజూ పొద్దున షాపు మానేసి అనిత పక్కన స్టూలు మీద కూర్చున్నాను. ఆమె మీటలు నొక్కుతుంటే కాగితం చూసి చెప్పడం నా పని. నాలుగడుగులు ముందుకు, కుడికి, రెండడుగులు. ఒకసారి కాగితం తిప్పి పట్టుకున్నానేమోనని ఓరకంట చూసింది. గురువారం సాయంత్రానికి పటం పూర్తయింది. శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి నలుగురూ ఆఖరి తలుపు ముందు నిలబడ్డారు.

పక్కన గోడకు ఒక పిడి. దాని కింద ఏదో రాసి ఉంటే మంజూష చదివి చెప్పింది. ఒకరు ఇక్కడే ఆగి పిడి పట్టుకుంటేనే తలుపు తెరుచుకుంటుంది. ఆగినవాళ్ళు ఇక లోపలికి రాలేరు. లోపల కోట కాపలాదారు ఉంటాడు, వాడితో యుద్ధం.

"ఇందులో ఆలోచించడానికేముంది ఆంటీ? అంకుల్‌ని వదిలేయండి. లోపల ఆయన దేనికీ పనికిరారు" అంది మంజూష. అని, నా వైపు చూసి నాలుక కరుచుకుంది.

గైడులో కూడా అదే ఉందని నాకు తెలుసు. వదిలినా నేను అనడానికేమీ లేదు. పదకొండు రోజులు కాజేసినవాణ్ణి.

అనిత రుద్రమ్మను పిడి దగ్గర నిలబెట్టింది.

"అయ్యో, కత్తి పట్టేది ఆవిడొక్కతే కదండీ!"

"రుద్రమ్మ ఒక్కతి ఉండగల్గుతది. వీడు ఒంటిగ ఉండలేడు, బుగులువడ్తడు" అంది తెర వైపే చూస్తూ.

దేవవ్వ, సాయిలు, నేను లోపలికి వెళ్ళాం. ఓడిపోయాం. మళ్ళీ తలుపు ముందు నుంచి మొదలు. మంజూష బతిమాలింది. మళ్ళీ రుద్రమ్మే ఆగింది. మళ్ళీ ఓడిపోయాం. మూడోసారి కాపలాదారుకు ప్రాణం ఇంత మిగిలిందనగా దేవవ్వ పడిపోయింది. అప్పటికి పదిన్నర. డయాలసిస్‌కు ఆటో వచ్చి వాకిట్లో నిలబడింది. మంజూష ఆటను ఒక ఫ్లాపీలో ఎక్కించి అనిత చేతికిచ్చింది. తలుపు ముందుదాకా వచ్చినదే ఎక్కించానని, అందులో నలుగురూ కలిసే ఉన్నారని చెప్పింది. తర్వాత వైర్లు ఊడదీయడం మొదలుపెట్టింది.

ఆటోలో అనిత నా భుజానికి తల ఆనించింది.

"ఇంకో పది రోజులు ఆడనిస్తే వాళ్ళకు బలమొచ్చేది. నిన్ను సుత తోల్కపోయి గెలుస్తుంటి."

ఆమె దెప్పలేదు. లెక్క చెప్పింది, అంతే. పది కాదు, పదకొండు అని నేను అనలేదు.

భానుచందర్ ఎవరి ద్వారా విన్నాడో, వదినను తన సెంటర్‌కు వచ్చి ఆడుకోమని కబురు పెట్టాడు. జూలైలో ఆమె మెట్లు ఎక్కే స్థితిలో లేదు. ఆగస్టులో పోయింది. ఆఖరిదాకా ఏదీ మరిచిపోలేదు. వెళ్ళే ముందురోజు కూడా, చక్కెర డబ్బా మీది చీటీ పీకెయ్యి, ఈగలు ముసురుతున్నయి అంది.

భానుచందర్ వచ్చి వాకిట్లో గంటసేపు నిలబడ్డాడు. నేను తలెత్తలేదు. ఆ తర్వాత రెండేళ్ళు పక్క షాపులోనే ఉన్నాడు. రోజూ అన్నా అని పిలిచేవాడు. నేను పలకలేదు. వాడు సెంటరు మూసి బేగంపేటలో ఉద్యోగానికి వెళ్ళాడని తెలిసింది.

మొన్న మంజూష చెన్నై నుంచి ఫోను చేసింది. భానుచందర్ ఇప్పటికీ అడుగుతున్నాడట, అన్నకు నేనేం తప్పు చేసిన అని. ఆ పిల్ల అడిగింది కాబట్టి ఇంత రాశాను. వాడికి చూపించుకుంటే చూపించుకోనీ. ఆ రోజు కౌంటరుకు వాడు అవతల నిలబడ్డాడు, నేను ఇవతల నిలబడ్డాను. వాడి తప్పు అంతే. వాడు ఎప్పటిలాగే పలకరిస్తాడేమో, నేను పలుకుతానో లేదో తెలియదు. ఈ సంగతి మాత్రం వాడు ఎత్తకూడదు. ఎవరూ ఎత్తకూడదు. ఫ్లాపీ సొరుగులో ఉంది, చీటీ జేబులో ఉంది. ఇక దీని గురించి నా నోట ఒక్క మాట రాదు.